ఇంటి పేర్లు, పొలం మందులు: భట్టిప్రోలు పరిసర కృష్ణా డెల్టాలో పురుగుల నివారణ గృహపద్ధతుల చరిత్ర

వ్యాససంగ్రహం:
ఇంట్లో, పెరట్లో చేరే పురుగులను వదిలించుకోవడానికి తెలుగువారు వాడిన పద్ధతులను సాధారణంగా 'అమ్మమ్మల నాటి చిట్కాలు' అనే పేరుతో కాలంతో సంబంధం లేని జాబితాగా చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం ఆ జాబితాను చరిత్రలో నిలిపి పరిశీలిస్తుంది. భట్టిప్రోలు కేంద్రంగా కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఇల్లు, ధాన్యపు నిల్వ, పెరడు, కాలువ, మర, ప్రభుత్వ పథకాలు ఈ పద్ధతులను ఎలా రూపొందించాయో, ఎలా మార్చాయో వివరిస్తుంది. పురుగుల పేర్లు ఇంటి నుంచి పొలానికి వెళ్లాయనీ, 20వ శతాబ్దం రెండవ భాగంలో మందులు పొలం నుంచి ఇంటికి వచ్చాయనీ, ఈ రెండు ప్రయాణాల మధ్య ఇంటి పని ఒక సీసాగా కుదించుకుపోయిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భట్టిప్రోలు, కృష్ణా డెల్టా, పురి, అలుకు, వేప, పసుపు, డి.డి.టి., పురుగుమందు, స్త్రీల శ్రమ, సహజ వ్యవసాయం.

1. ఉపోద్ఘాతం:
బియ్యంలో వేపాకు వేయడం, కందిపప్పుకు ఆముదం పట్టించడం, దోమలకు వావిలాకు పొగ పెట్టడం, పేనుబంక పట్టిన చిక్కుడు పాదు మీద బూడిద చల్లడం. ఇటువంటి పద్ధతులను వినని తెలుగు ఇల్లు ఉండదు. వీటిని గురించి రాసే రచనలు సాధారణంగా రెండు దారుల్లో నడుస్తాయి. మొదటిది, వీటిని పూర్వికుల విజ్ఞానంగా కీర్తించి ప్రతి ఆచారం వెనుకా ఒక శాస్త్రీయ కారణాన్ని చూపడం. రెండవది, వీటిని మూఢాచారాలుగా తోసిపుచ్చడం. ఈ రెండు దారుల్లోనూ ఒక లోపం ఉంది. ఏ పద్ధతి ఎప్పుడు వచ్చింది, ఏ ఇంట్లో ఎవరి చేత నడిచింది, ఎందుకు ఆగిపోయింది అనే ప్రశ్నలను అవి వేయవు.

ఈ ప్రశ్నలు కేవలం పాండిత్యం కోసం వేసేవి కావు. 'పురుగుమందు' అనే మాట వినగానే ఆంధ్రదేశంలో ఈనాడు మొదట స్ఫురించేది పంట కాదు, ప్రాణనష్టం. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల విషాదాన్ని చూసిన ప్రాంతం ఇది. అటువంటి చోట పురుగుకూ మనిషికీ మధ్య ఒకప్పుడు ఉన్న వ్యవహారం ఏమిటో, అది ఎలా మారిందో తెలుసుకోవడం అవసరం.

భట్టిప్రోలు తెనాలి – రేపల్లె రైలు మార్గం మీద ఉన్న పట్టణం వంటి గ్రామం. పూర్వపు గుంటూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో బాపట్ల జిల్లాలో చేరింది. చుట్టూ వరి మాగాణి, వరి కోశాక వేసే మినుము, కృష్ణ ఒడ్డున లంక భూముల్లో పసుపు, అరటి, కంద, కూరగాయలు. ధాన్యం, అపరాలు, పసుపు, పెరటి తోట ఒకేచోట కలిసే ఈ ప్రాంతం ప్రస్తుత విషయ పరిశీలనకు అనువైనది.

2. ఆధారాల స్వభావం – నిలిచినవి, నిలవనివి:
భట్టిప్రోలు పేరు చరిత్ర గ్రంథాల్లో బౌద్ధస్తూపం వల్ల నిలిచింది. 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో ధాతుపేటికలు బయటపడ్డాయి. వాటిమీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ పరిష్కరించి ప్రకటించాడు. దక్షిణ భారతదేశంలో లభించిన అతి ప్రాచీన లేఖనాల్లో అవి చేరుతాయి. రాతిపేటిక, స్ఫటికపు భరిణె రెండు వేల సంవత్సరాలకు పైగా చెక్కు చెదరక ఉన్నాయి. అదే నేల మీద అదే కాలంలో వడ్లు దాచుకున్న గాదెలు, వాటికి పూసిన మట్టి, వాటిలో వేసిన ఆకులు ఏవీ మిగలలేదు. గడ్డి కుళ్లుతుంది, మట్టి కరుగుతుంది, ఆకు పొడి అవుతుంది. ఇంటి పనుల చరిత్రకు ఇది మొదటి ఇబ్బంది.

శాస్త్రగ్రంథాల్లో కొంత సామగ్రి ఉంది. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం ఉంది. చెట్ల రోగాలకు వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయడం అందులో కనిపిస్తుంది. సురపాలుని వృక్షాయుర్వేదం, 11వ శతాబ్దపు కన్నడ గ్రంథమైన చావుండరాయని లోకోపకారం ఈ సంప్రదాయాన్ని కొనసాగించాయి. అయితే ఇవి తోటలు వేయించగలిగిన సంపన్నుల కోసం పండితులు కూర్చినవి. వంటింట్లో డబ్బా మూత తీసి ముక్కపురుగును చూసిన మనిషి అనుభవం వీటిలో ఉండదు.

ఆ అనుభవానికి మనకున్న ముఖ్యమైన ఆధారం భాష. తెలుగులో పంట పురుగుల పేర్లను గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. మొక్క లేతచిగుళ్లకు గుంపుగా పట్టేది పేనుబంక. తెల్లని పిండి కప్పుకున్నది పిండినల్లి. ఆకు అడుగున గూడు కట్టేది ఎర్రనల్లి. మిరపకూ పత్తికీ పట్టేది తెల్లదోమ, వరికి పట్టేది సుడిదోమ, జొన్న మొవ్వును తినేది మొవ్వు ఈగ. పేను, నల్లి, దోమ, ఈగ నాలుగూ ఇంటివే. ఈ పేర్లలో కొన్ని వ్యవసాయశాఖ పుస్తకాల ద్వారా స్థిరపడినవైనా, కొత్త పురుగుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగువాడు కొలతగా తీసుకున్నది తన ఒంటి మీద, తన మంచంలో ఉన్న పురుగునే. పురుగును గుర్తించే విద్య ఇంట్లో మొదలై పొలానికి వెళ్లిందని ఈ పేర్లు చెబుతున్నాయి. శివుడు కొండ మీద, విష్ణువు పాల సముద్రంలో నిద్రించడానికి కారణం నల్లుల బాధేనని చమత్కరించే చాటుపద్యం తెలుగునాట అందరికీ పరిచితం. దేవుళ్లను సైతం ఇల్లు విడిపించినట్లు చెప్పదగినంత సర్వసాధారణమైన బాధ అది.

3. పురి, గాదె, అలుకు – నివారణ ఒక క్రమం:
డెల్టా గ్రామాల్లో వడ్లు నిల్వ చేయడానికి పురి కట్టేవారు. వరిగడ్డిని తాడుగా పేని, నేల మీద గుండ్రంగా చుట్టుకుంటూ పోతూ, లోపల వడ్లు నింపి, పైన గడ్డి కప్పేవారు. వెదురు తడికతో కట్టి లోపలా బయటా మట్టీ పేడా మెత్తేది గాదె. చిన్న మొత్తాలకు బానలు, కాగులు, కుండలు ఉండేవి. ఈ నిల్వలో పురుగును ఆపినది వేపాకు ఒక్కటే కాదు. కోసిన ధాన్యాన్ని బాగా ఎండబెట్టడం మొదటి మెట్టు. గింజలో తేమ తగ్గినకొద్దీ పురుగు పెరగడం కష్టమవుతుంది. రెండవది, బియ్యంగా కాక వడ్లుగా దాచుకోవడం. పొట్టు చెదరని వడ్లగింజలోకి ముక్కపురుగు సులభంగా చొరబడలేదు. మూడవది, గాదె అడుగున, పైన వేపాకు, వావిలాకు, కానుగాకు పరవడం. నాలుగవది, ఎప్పటికప్పుడు తీసి దంచుకోవడం వల్ల నిల్వ కదులుతూ ఉండడం.

అపరాల విషయంలో పద్ధతి వేరు. పుచ్చుపురుగు పూర్తి గింజ మీదనే గుడ్లు పెడుతుంది. కనుక కందులు, పెసలు బద్దలుగా విసిరి పప్పుగా దాచుకోవడమే ఒక రక్షణ. పప్పుకు ఆముదం పట్టించడం మరొకటి. పలుచని నూనె పొర గుడ్డు గింజకు అంటకుండా చేస్తుంది, అంటిన గుడ్డుకు గాలి ఆడనివ్వదు. విత్తనం కోసం ఉంచిన గింజలను బూడిదలో కలిపి కుండలో పోసి మూతికి మట్టి మెత్తేవారు. సన్నని బూడిద పురుగు ఒంటి మీది మైనపు పూతను గీరడంతో ఒంట్లోని తడి ఆరిపోయి అది చనిపోతుంది. సొర, బీర, పొట్ల విత్తనాలను పొయ్యి పొగ తగిలే చోట వేలాడదీసేవారు.

నేలను పేడతో అలకడం, గోడలకు సున్నం వేయడం, చూరులో బూజు దులపడం, నులక మంచాలను ఎండలో వేసి కోళ్లు, పట్టెలు కలిసే చోట సలసల కాగే నీళ్లు పోయడం, పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టడం, చీమలు పట్టే గిన్నెను నీళ్ల పళ్లెంలో ఉంచడం కూడా ఇదే క్రమంలోనివి. అలికిన నేలలో పగుళ్లు మూసుకుపోతాయి, పురుగు దాగే చోటు తగ్గుతుంది. వీటిలో దేనినీ 'మందు' అనలేము. ఇవన్నీ రోజుకో, వారానికో, పంటకో ఒకసారి చేయవలసిన పనులు.

ఈ పనులు ఎవరివి అనే ప్రశ్న ముఖ్యమైనది. ఎండబెట్టడం, చెరగడం, జల్లించడం, అలకడం స్త్రీల పనులు. భూమి గల ఇళ్లల్లో ఈ బరువులో పెద్ద పాలు కూలికి వచ్చిన స్త్రీలు మోశారు. పురి చుట్టినది పాలేర్లు. చిట్కాను ఇంటి యజమానురాలి పేర చెప్పుకున్నా, దాని వెనుక ఉన్నది అనేక చేతుల శ్రమ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు, భోగి మంట వంటి ఆచారాలన్నింటినీ పురుగుల నివారణ కోసమే పుట్టినవని చెప్పడం నేడు వాడుకగా మారింది. పసుపులోని నూనెకు కొన్ని పురుగులను దూరంగా ఉంచే గుణం ఉన్న మాట నిజం. కాని బియ్యపు పిండితో వేసిన ముగ్గు చీమలను తరమదు, పిలిచి అన్నం పెడుతుంది. పెద్దలు ఆ ముగ్గును మెచ్చుకున్నదే అందుకు. ఒకే వాకిట్లో ఒక చేయి పురుగును ఆపితే మరొక చేయి దానికి ఆహారం వేసింది. ఆచారానికి ఉన్న ఈ స్వతంత్రమైన అర్థాన్ని రసాయనశాస్త్రంగా కుదించడం ఆచారానికీ, శాస్త్రానికీ మేలు చేయదు.

4. వచ్చి చేరిన చిట్కాలు:
'మన పూర్వికుల నుంచి' అని చెప్పుకునే పద్ధతుల్లో పెద్ద భాగం పోల్చి చూస్తే ఇటీవలివి. వీటిని మూడు పొరలుగా విభజించవచ్చు.

మొదటి పొరలో ఈ దేశపు మొక్కలు ఉన్నాయి. వేప, కానుగ, వావిలి, వస, పసుపు, ఆముదం ఇందులోనివి. వసకొమ్మును బట్టల్లో, పుస్తకాల్లో, విత్తనాల్లో వేయడం విస్తృతంగా ఉన్న పద్ధతి. పసుపు పంటకూ అమ్మకానికీ తెనాలి పక్కన ఉన్న దుగ్గిరాల పేరుపొందిన కేంద్రం.

రెండవ పొర సముద్రం దాటి వచ్చింది. బియ్యంలో ఎండుమిరపకాయలు వేయడం నేడు అందరికీ తెలిసిన చిట్కా. కాని మిరప అమెరికా ఖండాల మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. ఊరికి కొత్తగా వచ్చిన ఆ కాయను అప్పటికే తెలిసిన మిరియంతో చుట్టరికం కలిపి 'మిరప' అని పిలుచుకున్నారు. పేలకు వాడే సీతాఫలం గింజల పొడి, మొక్కలకు కొట్టే పొగాకు కషాయం కూడా ఇటువంటివే. పొగాకు 1604 ప్రాంతంలో బీజాపూరు నుంచి అక్బరు ఆస్థానానికి చేరింది కనుక అప్పటికే దక్కనులో దాని వాడకం ఉన్నట్లు. పొగాకు సాగు పెద్ద యెత్తున సాగిన గుంటూరు సీమలో కాడలు, చెత్త ఆకు చవకగా దొరికేవి. వాటిని మరిగించి పెరటి మొక్కలకు కొట్టడం స్థానిక పద్ధతిగా మారింది. ఇందులో పనిచేసేది నికోటిన్.

మూడవ పొర 19వ శతాబ్దపు చివరి నుంచి వచ్చిన కిరసనాయిలు, ఫినాయిలు, నాఫ్తలీన్ ఉండలు. నాఫ్తలీన్ ఉండలకు తెలుగులో 'కలరా ఉండలు' అనే పేరు స్థిరపడింది. పురుగును ఆపే వస్తువుకు ఒక మహమ్మారి పేరు తగలడం ఆ కాలపు భయాలను తెలియజేస్తుంది. కిరసనాయిలు దీపానికి వచ్చి, నల్లులకూ చెదలకూ మందు అయింది. బూడిదలో కొద్దిగా కిరసనాయిలు కలిపి కూరగాయల పాదులపై చల్లడం పాతదీ కొత్తదీ ఒకే చేటలో కలిసినదానికి ఉదాహరణ.

కనుక గృహపద్ధతి అంటే మారకుండా వచ్చిన వారసత్వం కాదు. కొత్తగా వచ్చిన ప్రతి వస్తువునూ ఇంటి స్త్రీలు పరీక్షించి, పనికివచ్చినదాన్ని ఉంచుకొని, పాతదానితో కలిపి నడిపిన నిరంతర ప్రయోగం అది. మస్కిటో కాయిల్ చరిత్ర కూడా ఇటువంటిదే. జపానులో ఉయెయామా ఎయిచిరో 1890ల్లో చామంతి జాతి పువ్వుల పొడిని అగరువత్తిలో కలిపాడు. ఎక్కువసేపు కాలడానికి దానిని చుట్టగా చేయమని సూచించినది ఆయన భార్య యుకి అని చెబుతారు.

5. కాలువ, మర – మారిన ఇల్లు:
1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట డెల్టా జీవితాన్ని మార్చింది. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలూ రాళ్లూ ఆ శతాబ్దంలో రోడ్ల పనులకూ కాలువల పనులకూ తరలిపోయాయి. ఊరి పాత కట్టడం కరిగి కొత్త నీటి వ్యవస్థలో కలిసిందన్నమాట. ఆ నీరు రెండు ఫలితాలు తెచ్చింది. వరి విస్తరించి నిల్వ పెరిగింది. నిలువనీరు, తేమ పెరిగి దోమ స్థిరపడింది. దోమ మలేరియాను మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొనేవరకు పొగ పెట్టడం నిద్రకోసమే, రోగనివారణ కోసం కాదు.

తరువాతి మార్పు మర. తెనాలి పరిసరాల్లో బియ్యపు మిల్లులు పెరిగినకొద్దీ రోకలి మూలపడింది. దంపుళ్ల శ్రమ తప్పడం స్త్రీలకు నిజమైన ఉపశమనం. కాని వడ్లుగా ఉన్న నిల్వ పాలిష్ పట్టిన బియ్యంగా మారింది. పొట్టు అనే సహజకవచం పోయిన గింజ బస్తాల్లో, డబ్బాల్లో నెలల తరబడి ఉండసాగింది. 'బియ్యంలో పురుగు' నిత్యసమస్య కావడానికి ఇదొక ప్రధాన కారణం. గాదె, పురి పోయాక వేపాకు ఒక్కటే మిగిలి, మునుపు నాలుగు మెట్లు కలిసి చేసిన పనిని ఒంటరిగా చేయవలసి వచ్చింది. చేయలేకపోయినప్పుడు 'వేపాకు పనిచేయదు' అనే తీర్పు వచ్చింది.

పొయ్యి విషయంలోనూ ఇదే జరిగింది. గ్యాసుపొయ్యి స్త్రీల ఊపిరితిత్తులను కాపాడింది. అదే సమయంలో తాటాకు కప్పునూ, అటక మీది విత్తనాలనూ కాపాడిన పొగ ఆగిపోయింది. మేలును మేలుగా ఒప్పుకుంటూనే దానితో పోయినదాన్ని లెక్కించడం చరిత్రకారుని పని.

6. గోడ మీది తేదీ – డి.డి.టి. కాలం:
డి.డి.టి.కి పురుగులను చంపే శక్తి ఉందని పాల్ ముల్లర్ 1939లో గుర్తించి 1948లో నోబెల్ పురస్కారం పొందాడు. భారత ప్రభుత్వం 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమాన్నీ, 1958లో నిర్మూలన కార్యక్రమాన్నీ ప్రారంభించింది. సిబ్బంది ఇంటింటికీ వచ్చి గోడలకు మందు కొట్టి, కొట్టిన తేదీని గోడ మీద రాసి వెళ్లేవారు. మలేరియా కేసులు మొదటి దశలో బాగా తగ్గాయి. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. దీనిని తక్కువ చేయడం న్యాయం కాదు.

అయితే ఈ మందు పాత గృహక్రమంతో నేరుగా ఢీకొన్నది. డి.డి.టి. పనిచేయాలంటే గోడ మీది పొర నెలల తరబడి చెదరకూడదు. అలుకు పనిచేయాలంటే గోడ తరచుగా తాజా మట్టీ పేడా పొందాలి. ఒకరు పొరను కాపాడమంటారు, ఇంకొకరు పొర వేస్తారు. మట్టిగోడ మందును పీల్చుకోవడం, అలుకు దాన్ని కప్పేయడం మలేరియా కార్యక్రమాలు అనేక ప్రాంతాల్లో ఎదుర్కొన్న సమస్యలు. పండుగకు ఇల్లు అలికిన స్త్రీ, ప్రభుత్వ దృష్టిలో పథకానికి అడ్డువచ్చిన మనిషి అయింది. శతాబ్దాలుగా నివారణగా ఉన్న పని ఒక్కసారిగా తప్పుగా మారడం ఇందులోని చారిత్రక విశేషం.

నల్లి రెండవ పాఠం చెప్పింది. మొదట డి.డి.టి.కి నల్లులు చచ్చాయి, జనం సంతోషించారు. కొన్నేళ్లకు నల్లులు మందుకు అలవాటుపడి నిలదొక్కుకున్నాయి. మందు కొట్టాక నల్లులు పెరిగాయని భావించి పిచికారీని వద్దన్న ఇళ్లు దేశంలో అనేకచోట్ల కనిపించాయి. సలసల కాగే నీటికి అలవాటుపడిన నల్లి మాత్రం ఇంతవరకు లేదు.

7. పొలం నుంచి ఇంటికి:
పురుగుల పేర్లు ఇంటి నుంచి పొలానికి వెళ్లిన సంగతి పైన చూశాం. 1960ల తరువాత మందులు పొలం నుంచి ఇంటికి రావడం మొదలైంది. హరితవిప్లవంతో వాడకం పెరిగిన మందుల్లో బి.హెచ్.సి. పొడి ఇళ్లకు బాగా చేరువైంది. 'గమాక్సిన్' పేరుతో పిలిచిన ఆ పొడిని చీమల పుట్టల మీద, ధాన్యపు బస్తాల చుట్టూ చల్లారు. పత్తికి తెచ్చిన మందులో మిగిలిన దాన్ని నల్లులకూ పేలకూ వాడడం, మందు సీసాను వంటింటి గూట్లో ఉంచడం అనేక ప్రమాదాలకు దారితీశాయి.

చట్టం ప్రమాదం తరువాతనే వచ్చింది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి వల్ల వందమందికి పైగా మరణించారు. ఆ నేపథ్యంలో రూపొందిన పురుగుమందుల చట్టం 1968లో ఆమోదం పొందింది. డి.డి.టి.ని వ్యవసాయంలో 1989లో, బి.హెచ్.సి.ని పూర్తిగా 1997లో నిషేధించారు. ఒక తరం పాటు ఇంట్లో చేతితో చల్లిన పొడి ఆ ఏటి నుంచి నిషిద్ధవస్తువు అయింది.

పొలంలో పరిణామం మరింత తీవ్రమైనది. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచింది. 1987-88లో శనగపచ్చ పురుగు మందులకు లొంగక పంట తుడిచిపెట్టుకుపోయింది. మందు పెరిగినకొద్దీ మిత్రపురుగులు చచ్చాయి, శత్రుపురుగు మందుకు నిలదొక్కుకుంది, అప్పు పెరిగింది. రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. 'మందు' అనే తెలుగు మాట రోగాన్ని మాన్పేదానికీ, పురుగును చంపేదానికీ ఒకటే. ఆ మాటలోని రెండు అర్థాల మధ్య దూరం చెరిగిపోయిన దశ అది.

8. వేప తిరిగి రావడం:
వేపకు శాస్త్రప్రతిష్ఠ మిడతల వల్ల వచ్చింది. 1959లో సూడానులో మిడతల దండు పచ్చదనమంతా తిని వేపచెట్లను మాత్రం విడిచిపెట్టడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముట్టరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ వేపగింజల ద్రావణం చల్లి మిడతల నుంచి పైరును కాపాడాడు. 1968లో అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పురుగును వెంటనే చంపదు. తిండి మీద అయిష్టం కలిగిస్తుంది, కుబుసం విడవడాన్ని, ఎదుగుదలను అడ్డుకుంటుంది. వేపాకు వేసిన డబ్బాలో మరునాడే చచ్చిన పురుగుల కోసం వెతికినవారు నిరాశపడడానికి కారణం ఇదే.

వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై 1994లో ఒక అమెరికన్ సంస్థకూ, అమెరికా వ్యవసాయశాఖకూ ఐరోపా పేటెంటు దక్కింది. అది కొత్త ఆవిష్కారం కాదన్న వాదన నెగ్గి 2000లో రద్దయింది, 2005లో ఆ రద్దు ఖాయమైంది. ఇంటివాడుక పేటెంటు విచారణలో సాక్ష్యంగా నిలవవలసిన అవసరాన్ని ఈ వివాదం గుర్తు చేసింది. రాసి ఉంచని జ్ఞానం ఇంకొకరి సొత్తుగా నమోదు కావచ్చు.

తెలుగునేల మీద మార్పు గ్రామాల నుంచి వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల 2003 నాటికి రసాయనిక పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. వరంగల్ ప్రాంతంలోని ఏనబావి అదే దారిలో నడిచింది. 2004-05 నుంచి మహిళా స్వయంసహాయక సంఘాల ద్వారా ఈ పద్ధతులు ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించాయి. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సహజ వ్యవసాయ కార్యక్రమాన్ని గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ నడుపుతోంది. వేపాకు, ఆవు పేడ, ఆవు మూత్రం కలిపిన నీమాస్త్రం, మిర్చి, వెల్లుల్లి, పొగాకు చేర్చిన అగ్నాస్త్రం ఇందులో ముఖ్యమైనవి. వీటి దినుసులను చూస్తే పైన చెప్పిన మొదటి రెండు పొరలూ తిరిగి కలిసినట్లు తెలుస్తుంది. పేర్లు మాత్రం యుద్ధానివి. పురుగును దూరంగా ఉంచిన పాత ఇంటి భాష స్థానంలో పురుగును గెలిచే పొలం భాష వచ్చింది. రసాయనిక యుగం పోతూ పోతూ తన నుడికారాన్ని వదిలి వెళ్లిందని చెప్పవచ్చు.

9. గుణదోష పరిశీలన:
ఇంటిది కనుక నిరపాయం అనే అభిప్రాయం సరైనది కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి చేరగల విషం. కూరలకు కొట్టి మరునాడే కోయడం ప్రమాదం. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే తీవ్రమైన హాని చేస్తుంది. కలరా ఉండలు పసిపిల్లలకు అపాయకరం. తలకు కిరసనాయిలు రాయడం కాలిన గాయాలకు దారితీయగలదు. పొగ దోమను తరిమినట్లే శ్వాసను ఇబ్బంది పెడుతుంది.

ఎండ, వేడినీరు, ఆరబెట్టడం, మూత గట్టిగా పెట్టడం, పప్పుకు ఆముదం, విత్తనానికి బూడిద, బియ్యానికి వేపాకు, నిలువనీరు పారబోయడం వీటికి అటువంటి దోషం లేదు. గమనించదగిన విషయం ఏమిటంటే, ఈ నిరపాయమైన పద్ధతుల్లో ఎక్కువ భాగం పదార్థాలు కావు, పనులు. పని తగ్గించుకోవడానికి ఏ పదార్థాన్ని తెచ్చుకున్నామో ఆ పదార్థంలోనే అపాయం ఎక్కువగా ఉంది.

10. ముగింపు:
1. కృష్ణా డెల్టాలో పురుగుల నివారణ గృహపద్ధతులు ఒకే కాలానివి కావు. దేశీయ మొక్కలు, సముద్రం దాటి వచ్చిన మొక్కలు, పారిశ్రామిక వస్తువులు అనే మూడు పొరలు వీటిలో కనిపిస్తాయి.
2. ఈ పద్ధతులు ఒక్కొక్కటిగా కాక, ఎండబెట్టడం, వడ్లుగా దాచడం, అలకడం, పొగ వంటి పనుల క్రమంలో భాగంగా పనిచేశాయి. మర, గ్యాసుపొయ్యి, సిమెంటు ఇల్లు ఆ క్రమాన్ని మార్చినప్పుడు చిట్కా ఒంటరిదై బలహీనపడింది.
3. పురుగుల పేర్లు ఇంటి నుంచి పొలానికి వెళ్లగా, మందులు పొలం నుంచి ఇంటికి వచ్చాయి. డి.డి.టి. – అలుకు ఘర్షణ ఈ మలుపుకు స్పష్టమైన గుర్తు.
4. ఈ జ్ఞానం ప్రధానంగా స్త్రీలది, అందులోనూ కూలి స్త్రీలది. పునరుద్ధరణ పేరుతో కషాయాల తయారీ, అలుకు, జల్లింపు మళ్లీ వారి మీదనే పడితే, వారి శ్రమకు లెక్క, విలువ కట్టకుండా పాత పద్ధతిని కీర్తించడం అసంపూర్ణం.
5. ఆచారమంతా శాస్త్రమని గాని, మూఢత్వమని గాని తేల్చక, ఒక్కొక్క పద్ధతిని దాని కాలంలో, దాని ఇంట్లో, దాని గుణదోషాలతో నమోదు చేయడం తక్షణ అవసరం.

భట్టిప్రోలు ధాతుపేటికలపై దాతల పేర్లు రెండు వేల ఏళ్లుగా చదవగలిగేటట్లు ఉన్నాయి. అదే ఊళ్లో పురి చుట్టినవారి, గాదె మెత్తినవారి పేర్లు ఎక్కడా లేవు. వారి పద్ధతులు తెలిసిన చివరి తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. ఆ తరంతో కూర్చొని, ఏ ఆకు ఎంత, ఏ నెలలో, ఎవరు వేసేవారు అని అడిగి రాసుకోవడం ఈ ప్రాంతపు చరిత్ర పరిశోధనలో ఇకనైనా జరగవలసిన పని.